మజిలీలు రాలిన దారి

లండన్ నుంచి సిడ్నీ ఎంత దూరమంటే జవాబు ఒక్కటే. హీత్రో విమానాశ్రయం నుంచి భూగోళం మీద అతి దగ్గరి దారిన కొలిస్తే సుమారు 17,020 కిలోమీటర్లు. విమానంలో ఎంతసేపు పడుతుందంటే మాత్రం, ఏ ఏడాది సంగతి అడుగుతున్నారని ఎదురడగాలి. 1919లో ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియా ఉత్తరపు కొసకు చేరడానికే 28 రోజులు పట్టింది. 1935లో బ్రిస్బేన్ నుంచి లండన్‌కు పన్నెండున్నర రోజులు. 1947లో సిడ్నీ నుంచి లండన్‌కు నాలుగు రోజులు. ఇప్పుడు సింగపూర్‌లో ఒకసారి దిగి మళ్ళీ ఎక్కితే ఇరవై మూడు, ఇరవై నాలుగు గంటలు. అన్నీ అనుకున్నట్టు జరిగితే 2027లో ఎక్కడా దిగకుండా ఇరవై గంటలు.

విమానాల వేగం పెరిగింది కాబట్టి కాలం తగ్గిందని చెప్పేస్తే సగమే చెప్పినట్టు. అరవయ్యేళ్ళ కిందటి బోయింగ్ 707 ఎంత వేగంతో ఎగిరేదో ఈనాటి విమానాలూ ఇంచుమించు అంతే వేగంతో ఎగురుతున్నాయి. జెట్ ఇంజన్ వచ్చాక వేగం కథ దాదాపు అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాత తగ్గిందల్లా మజిలీల సంఖ్య. ఈ దారి చరిత్ర చూస్తే, మధ్యలో ఊళ్ళు ఒక్కొక్కటిగా రాలిపోతూ వచ్చిన చరిత్రే కనబడుతుంది. అలా రాలిన ఊళ్ళలో మన ఉపఖండానివీ ఉన్నాయి: కరాచీ, ఢిల్లీ, అలహాబాద్, కలకత్తా. ఆఖరికి రాజస్థాన్‌లో ఒక చెరువు కూడా.

వంపు తిరిగినా పెరగని దూరం

భూమ్మీద ఏ రెండు ఊళ్ళ మధ్యనైనా దగ్గరి దారి ఇరవై వేల కిలోమీటర్లకు మించదు. లండన్–సిడ్నీ దూరం అందులో 85 శాతం. అంటే సిడ్నీ లండన్‌కు సరిగ్గా అవతలి వైపు కాకపోయినా, దాదాపు అవతలి వైపే. ఇలాంటి ఊళ్ళ జంటకు ఒక విచిత్రమైన సౌలభ్యం ఉంటుంది. బత్తాయి తొడిమ నుంచి అడుగుదాకా ఏ తొన మీదుగా గీత గీసినా పొడవు ఒక్కటే. లండన్ తొడిమ దగ్గరుంటే సిడ్నీ అడుగుకు కాస్త పక్కగా ఉంది. కాబట్టి దారి ఎటు వంగినా దూరం పెద్దగా పెరగదు.

అచ్చంగా దగ్గరి దారే పట్టుకుంటామంటే లండన్ నుంచి ఈశాన్యంగా బయల్దేరాలి. డెన్మార్క్, బాల్టిక్ సముద్రం దాటి, మాస్కోకు కాస్త ఉత్తరంగా రష్యాలో సాగి, కజకిస్తాన్ మీదుగా చైనాలోకి దిగాలి. సరిగ్గా సగం దూరం పూర్తయ్యేది సిచువాన్ రాష్ట్రం దక్షిణ భాగంలో. అక్కణ్ణుంచి దక్షిణ చైనా సముద్రం, ఇండోనేషియా దీవులు, ఆస్ట్రేలియా ఉత్తర తీరం. గోడకు తగిలించిన పటం మీద స్కేలు పెట్టి గీసేవాళ్ళకు ఈ దారి తప్పుగానే కనిపిస్తుంది. గుండ్రటి భూమిని బల్లపరుపుగా పరిచినందుకు పటం తీసుకునే పన్ను అది.

ఈ గీత మీద భారతదేశం లేదు. అయినా కలకత్తాలో దిగి వెళ్తే పెరిగేది వంద కిలోమీటర్లే. సింగపూర్ మీదుగా అయితే 150. దుబాయ్ మీదుగా 500 పైచిలుకు. మన హైదరాబాద్ మీదుగా వెళ్ళినా అదనంగా పడేది 300 కిలోమీటర్లే. జెట్ విమానానికి అది ఇరవై నిమిషాల పని. ఇవన్నీ గోళం మీద వేసిన లెక్కలు. గాలుల్ని, అనుమతుల్ని బట్టి విమానం నిజంగా ఎగిరే దారి ఇంకొంచెం పొడుగవుతుంది.

ఇలాంటిదే ఇంకో ముచ్చట గడియారంలోనూ ఉంది. మనకు శీతాకాలంలో లండన్ మనకన్నా ఐదున్నర గంటలు వెనక, సిడ్నీ ఐదున్నర గంటలు ముందు. మన వేసవిలో అటు నాలుగున్నర, ఇటు నాలుగున్నర. రెండు చోట్లా ఏడాదికి రెండుసార్లు గడియారాలు మారుస్తారు, అదీ ఒకదానికొకటి ఎదురు దిశల్లో. అందుకే మధ్యలో కొన్ని వారాలు తప్పితే ఏడాది పొడుగునా మనం సరిగ్గా నడిమధ్యన ఉంటాం. కొడుకు లండన్‌లో, కూతురు సిడ్నీలో ఉన్న తల్లికి ఈ లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోన్ చేస్తే లండన్‌లో పొద్దు పొడిచి ఉంటుంది, సిడ్నీలో సాయంత్రమై ఉంటుంది.

సరే, మధ్యలో దిగితే దూరం పెరగదు. మరి కాలం ఎక్కడ ఖర్చవుతోంది? దిగడంలోనే. ఎత్తు తగ్గించుకుంటూ రావాలి, రన్‌వే ఖాళీ అయ్యేదాకా చక్కర్లు కొట్టాలి, ఇంధనం నింపాలి, సిబ్బంది మారాలి, మళ్ళీ బరువుతో పైకెక్కాలి. ఇవాళ అది మూడు నాలుగు గంటల తంతు. ఒకప్పుడు రోజుల తరబడి సాగేది.

గాల్లో ఆరు రోజులు, నేల మీద ఇరవై రెండు

మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడాది ఆస్ట్రేలియా ప్రభుత్వం ఒక పందెం ప్రకటించింది. బ్రిటన్ నుంచి ముప్పై రోజుల్లోపల విమానంలో ఆస్ట్రేలియా చేరిన తొలి ఆస్ట్రేలియన్లకు 10,000 పౌండ్లు. రాస్ స్మిత్, కీత్ స్మిత్ అనే అన్నదమ్ములు, బెనెట్, షియర్స్ అనే ఇద్దరు మెకానిక్‌లు కలిసి 1919 నవంబర్ 12న లండన్ దగ్గరి హౌన్స్‌లో నుంచి బయల్దేరారు. విమానం యుద్ధకాలపు బాంబర్ అయిన వికర్స్ విమీ. పైన కప్పు లేదు. చలి, వాన, ఎండ అన్నీ మొహానికే.

డిసెంబర్ 10న డార్విన్‌లో దిగారు. 28 రోజుల్లో వాళ్ళు గాల్లో ఉన్నది దాదాపు 136 గంటలు, ఆరు రోజుల కన్నా తక్కువ. మిగతా కాలమంతా ఇంధనం పోసుకోవడానికి, ఇంజన్ విప్పి బిగించుకోవడానికి, బురదలోంచి చక్రాలు లాగడానికి పోయింది. దారిలో కరాచీ, ఢిల్లీ, అలహాబాద్, కలకత్తా తగిలాయి. కలకత్తాలో విమానాశ్రయం ఎక్కడిది? గుర్రప్పందేల మైదానమే రన్‌వే. అక్కడి నుంచి లేస్తుండగా ఒక గద్ద వచ్చి ప్రొపెల్లర్‌కు తగిలింది. పందెం అక్కడితో ముగిసిపోవలసిందే, ఎలాగో తప్పించుకున్నారు. జావాలోని సురబాయలో నేల మెత్తగా ఉండి విమానం కూరుకుపోతే, ఊళ్ళోవాళ్ళు వెదురు తడికలు తెచ్చి పరిచారు. తడికల రన్‌వే మీంచి విమీ గాల్లోకి లేచింది. ఆ విమానాన్ని ఇప్పటికీ అడిలైడ్ విమానాశ్రయంలో చూడవచ్చు.

ఆ తర్వాత పదిహేనేళ్ళకు, 1934లో ఇంకో పందెం, ఈసారి ఇంగ్లండులోని మిల్డెన్‌హాల్ నుంచి మెల్‌బోర్న్‌కు. తప్పనిసరిగా దిగవలసిన ఐదు ఊళ్ళలో అలహాబాద్ ఒకటి. స్కాట్, క్యాంప్‌బెల్ బ్లాక్ అనే ఇద్దరు ఎర్రటి కామెట్ విమానంలో 71 గంటల్లో చేరి గెలిచారు. రెండో స్థానంలో వచ్చిన డచ్చి విమానం కథ నాకు ఇంకా ఇష్టం. అది కేఎల్ఎమ్ కంపెనీ ప్రయాణికుల విమానం, డగ్లస్ డీసీ-2. లోపల ప్రయాణికులు కూడా ఉన్నారు. ఆస్ట్రేలియా చేరాక ఒక రాత్రి తుపానులో దారి తప్పి ఆల్‌బరీ అనే చిన్న ఊరి మీద తిరుగుతుంటే, ఊళ్ళోవాళ్ళు వీధి దీపాలు ఆర్పి వెలిగించి మోర్స్ సంకేతాల్లో ఊరి పేరు చెప్పారు. కార్లున్నవాళ్ళంతా గుర్రప్పందేల మైదానానికి తరలి వచ్చి హెడ్‌లైట్లు వేసి వరసగా నిలబెట్టారు. విమానం ఆ వెలుతుర్లో దిగింది. పొద్దున్నే బురదలోంచి తాళ్ళతో లాగి పంపించారు. వేగంలో దాని కన్నా ముందొచ్చింది గెలుపు గుర్రం లాంటి పందెం విమానం ఒక్కటే. ప్రయాణికుల విమానం ఇంత దూరం ఇంత తొందరగా వెళ్ళగలదని ఆ డచ్చివాళ్ళు లోకానికి చూపించారు.

మరుసటి ఏడాదే టికెట్ కొనుక్కుని వెళ్ళే దారి తెరుచుకుంది. ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటాస్, బ్రిటన్‌కు చెందిన ఇంపీరియల్ ఎయిర్‌వేస్ కలిసి బ్రిస్బేన్–లండన్ ప్రయాణం మొదలుపెట్టాయి. పన్నెండున్నర రోజులు. చిత్రమేమిటంటే ఈ విమాన ప్రయాణంలో కొంత రైల్లో చేయాలి. ఇటలీ తన మీదుగా ఎగరనివ్వలేదు. దాంతో ఇటలీ దక్షిణ కొసనున్న బ్రిండిసీకి, పారిస్‌కు మధ్య ప్రయాణికుల్ని రైలెక్కించేవారు. దేశాలు తలుపులు వేసుకుంటే విమానం కూడా నేల మీదికి రావలసిందే. ఆ ఇబ్బంది ఇప్పటికీ పోలేదు, ఆ సంగతికి మళ్ళీ వద్దాం.

1938 నుంచి నీళ్ళ మీద దిగే పడవ విమానాలు వచ్చాయి. సిడ్నీ రోజ్ బే నుంచి ఇంగ్లండులోని సౌతాంప్టన్‌కు తొమ్మిది పది రోజులు. రాత్రుళ్ళు హోటళ్ళలో పడక, పగలు ప్రయాణం. రన్‌వేల బెడద లేదు గానీ, మంచి లోతున్న నీళ్ళు కావాలి. కలకత్తాలో హుగ్లీ నది, అలహాబాద్‌లో యమున, గ్వాలియర్‌లో మాధవ్ సాగర్, ఉదయపూర్ దగ్గర రాజసమంద్ చెరువు అలా అంతర్జాతీయ విమానాశ్రయాలయ్యాయి. పదిహేడో శతాబ్దంలో మేవాడ్ రాణా రాజసింహుడు కట్టించిన చెరువు అది. పాలరాతి మెట్ల ఎదుట లండన్ విమానం వాలుతుంటే ఊరివాళ్ళు ఏమనుకున్నారో రాసిపెట్టినవాళ్ళుంటే బాగుండేది.

రెండు సూర్యోదయాలు

1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ చేతికి పోయింది. లండన్–సిడ్నీ దారి నడుం విరిగింది. తెగిన దారిని అతికించడానికి క్వాంటాస్, బ్రిటిష్ ప్రభుత్వం కలిసి చేసిన సాహసం నా దృష్టిలో పౌర విమానయాన చరిత్రలోకెల్లా గొప్పది.

ఆస్ట్రేలియా పడమటి తీరాన పెర్త్‌లో స్వాన్ నది ఒక కొస. సింహళంలో గాలె దగ్గరి కొగ్గల సరస్సు మరో కొస. మధ్యలో 5,600 కిలోమీటర్ల హిందూ మహాసముద్రం, ఎక్కడా దిగే చోటు లేదు. సముద్రం మీద జపాన్ గస్తీ. వీళ్ళకిచ్చినవి ఐదు క్యాటలీనా పడవ విమానాలు, వేగం గంటకు రెండు వందల కిలోమీటర్లు. పనికిరాని బరువంతా పీకేసి, అదనపు ఇంధనం టాంకులు పెట్టారు. అంత ఇంధనం మోసేసరికి లోపల చోటు మిగిలింది ముగ్గురు ప్రయాణికులకు, కొద్దిపాటి టపాకు.

1943 నుంచి 1945 వరకు ఈ విమానాలు తిరిగాయి. ఒక్కొక్క ప్రయాణం 27 నుంచి 32 గంటలు; మరీ ఎదురుగాలి తగిలిన రోజు 32 గంటల 9 నిమిషాలు పట్టింది. శత్రువు వింటాడని రేడియో మూసేసి వెళ్ళేవారు. జపాన్ గస్తీ ఉన్న మేర చీకట్లో దాటేలా బయల్దేరే వేళ చూసుకునేవారు. దారి చూపేవి చుక్కలే. ఐదు విమానాలకూ చుక్కల పేర్లే పెట్టుకున్నారు: ఆల్టేర్, వేగా, స్పైకా, అంటారెస్, రైజెల్. మొదటి నాలుగూ మన పంచాంగంవాళ్ళకు చుట్టాలే: శ్రవణం, అభిజిత్తు, చిత్త, జ్యేష్ఠ. ఒక్క ప్రయాణంలో రెండు సూర్యోదయాలు చూసేవారు కాబట్టి ప్రయాణికులకు దిగాక ఒక యోగ్యతాపత్రం ఇచ్చేవారు. 'రెండు సూర్యోదయాల రహస్య సంఘం'లో సభ్యత్వం అన్నమాట.

మొత్తం 271 సార్లు ఆ సముద్రాన్ని దాటారు. ఒక్క విమానమూ పోలేదు. యుద్ధం అయిపోయాక, అమెరికా అరువు ఒప్పందం ప్రకారం ఆ విమానాలను వాడుకోవడానికి వీల్లేక, సముద్రంలోకి తీసుకెళ్ళి ముంచేశారు. గాల్లో గడిపిన గంటల లెక్కలో ఆ 32 గంటల రికార్డును ఇన్నేళ్ళయినా ఏ ప్రయాణికుల సర్వీసూ దాటలేదు. రాబోయే ఇరవై గంటల విమానం కూడా దాటదు.

సింగపూరా, దుబాయా

1947 డిసెంబర్ 1న క్వాంటాస్ కాన్స్టెలేషన్ విమానం 29 మంది ప్రయాణికులతో సిడ్నీ నుంచి బయల్దేరింది. డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీ, లండన్. నాలుగు రోజులు, అందులో గాల్లో దాదాపు 55 గంటలు. దీనికే కంగారూ దారి అని పేరు పెట్టారు, గెంతుకుంటూ పోతుందని. స్వతంత్రం వచ్చి నాలుగు నెలలు కూడా కాని కలకత్తా, కొత్త దేశమైన పాకిస్తాన్‌లోకి వెళ్ళిన కరాచీ, ఒకే టికెట్టు మీద పక్కపక్కన ఉండేవి.

జెట్‌లు వచ్చాక గెంతులు తగ్గాయి. 707, ఆ తర్వాత 747. చివరకు ఒక్క గెంతు మిగిలింది. అది ఎక్కడన్నది భూగోళ శాస్త్రం తేల్చలేదు, వ్యాపారం తేల్చింది. 2013లో క్వాంటాస్ ఎమిరేట్స్‌తో పొత్తు పెట్టుకుని మజిలీని సింగపూర్ నుంచి దుబాయ్‌కి మార్చింది. ఐదేళ్ళకు మళ్ళీ సింగపూర్‌కే తెచ్చుకుంది. దూరంలో తేడా మూడున్నర వందల కిలోమీటర్లు. ఆ తేడా ప్రయాణికుడికి తెలియనైనా తెలియదు.

ఆ ఒక్క గెంతు కూడా తీసేయవచ్చని 1989 ఆగస్టు 17న చూపించారు. కొత్త 747-400 విమానం లండన్ నుంచి ఎక్కడా ఆగకుండా 20 గంటల 9 నిమిషాల్లో సిడ్నీలో దిగింది. అయితే అందులో ఉన్నది గుప్పెడు మందే. మామూలు కన్నా చిక్కటి ఇంధనం ప్రత్యేకంగా చేయించి పోశారు. కొసదాకా ఇంధనం మిగలాలని రన్‌వే మొదటిదాకా విమానాన్ని ట్రాక్టరుతో లాక్కెళ్ళారు. ఇంత చేస్తే గానీ కానిది రోజువారీ వ్యాపారం కాదు. చిక్కంతా ఇంధనం దగ్గరే. ఇరవయ్యో గంటలో కాల్చవలసిన ఇంధనాన్ని మొదటి పంతొమ్మిది గంటలూ మోయాలి. ఆ మోతకు మళ్ళీ ఇంధనం కాలుతుంది. దూరం పెరిగేకొద్దీ ఇంధనం మోయడానికే ఇంధనం ఖర్చవుతుంటే, మనుషులకు చోటు తగ్గిపోతుంది.

2018 మార్చిలో పెర్త్ నుంచి లండన్‌కు ఆగకుండా విమానం మొదలైంది. 14,500 కిలోమీటర్లు, పదిహేడు గంటలు. 2019 నవంబర్‌లో లండన్–సిడ్నీ మరోసారి పరీక్షించారు. బోయింగ్ 787లో యాభై మంది, సరుకు లేదు, 19 గంటల 19 నిమిషాలు. ఈసారి పరీక్ష విమానానికి కాదు, మనిషి ఒంటికి. పైలట్ల తలకు మెదడు తరంగాలు కొలిచే పట్టీలు కట్టారు. సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రయాణికుల నిద్ర, తిండి, కదలిక గమనించారు. లండన్‌లో తెల్లవారకముందే ఎక్కినవాళ్ళు సిడ్నీలో మర్నాడు మిట్టమధ్యాహ్నం దిగారు. వాళ్ళకూ దారిలో రెండు సూర్యోదయాలు దొరికాయి.

ఇక రాబోయేది ఎయిర్‌బస్ ఏ350-1000. వెనక వైపు 20,000 లీటర్ల అదనపు టాంకు. క్వాంటాస్ పన్నెండు విమానాలకు ఆర్డరిచ్చింది. మామూలుగా మూడు వందల పైచిలుకు మంది పట్టే విమానంలో 238 సీట్లే పెడుతున్నారు. మధ్యలో లేచి నిలబడి ఒళ్ళు విరుచుకోవడానికి కొంత జాగా వదులుతున్నారు. సిడ్నీ నుంచి లండన్‌కు వెళ్ళేటప్పుడు పడమటి గాలులు ఎదురు తగులుతాయి కాబట్టి అటువైపు ఇరవై రెండు గంటలదాకా పట్టవచ్చు. వచ్చేటప్పుడు అవే గాలులు వెనక నుంచి తోస్తాయి.

ఇంతాచేసి ఆదా అయ్యేది నాలుగు గంటల లోపే. నూటికి ఇరవై మంది తక్కువతో ఎగిరే విమానంలో ఆ నాలుగు గంటల ఖరీదు టికెట్ మీద పడకుండా ఎలా ఉంటుంది? వ్యాపారం పనుల మీద తిరిగేవాళ్ళకు, పసిపిల్లలతో రెండుసార్లు సామాను మోయలేనివాళ్ళకు, చక్రాల కుర్చీలో వెళ్ళే పెద్దవాళ్ళకు అది విలువైనదే కావచ్చు. నన్నడిగితే సింగపూర్‌లో రెండు గంటలు కాళ్ళు సాగదీసుకుని వేడి నూడుల్స్ తినే దారికే నా ఓటు. పర్యావరణం లెక్క చూసినా, ఆ మహా టాంకును అంత దూరం మోయడం కన్నా మధ్యలో నింపుకోవడమే చవక.

దిగకుండా పోవడం ఎప్పుడూ మన చేతుల్లో ఉండదని 2024లో పెర్త్–లండన్ విమానం చూపించింది. పశ్చిమాసియాలో ఉద్రిక్తతల వల్ల ఇరాన్ గగనతలం తప్పించి చుట్టూ తిరగవలసి వచ్చింది. ఎదురుగాలి, ఆ పైన చుట్టుదారి, టాంకు చాలలేదు. కొన్నాళ్ళు సింగపూర్‌లో దిగి ఇంధనం పోయించుకుని వెళ్ళింది. లండన్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు మాత్రం గాలి కలిసొచ్చి ఆగకుండానే వచ్చింది. అసలైన దగ్గరి దారి మీదున్న రష్యా గగనతలం 2022 నుంచి బ్రిటిష్ విమానాలకు మూసే ఉంది. 1935లో ఇటలీ చేసిన పనినే ఇప్పుడు వేరే దేశాలు చేస్తున్నాయి, రైలు ఏర్పాటు మాత్రం లేదు.

మనవైపు నుంచి చూస్తే ఈ దారి రెండు ముక్కలు. హైదరాబాద్ నుంచి లండన్‌కు 7,750 కిలోమీటర్లు, పది గంటలకు అటూఇటూగా నేరుగా విమానాలున్నాయి. సిడ్నీకి 9,560 కిలోమీటర్లు, నేరుగా లేదు. సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్‌లలో ఏదో ఒకచోట మారాలి. లేదా 2022లో క్వాంటాస్ మొదలుపెట్టిన నేరు విమానం కోసం బెంగళూరు వెళ్ళాలి. అనంతపురం, చిత్తూరువాళ్ళకు ఆ దారే సుఖం.